గుమ్మానికి కట్టిన వేపాకు

తిరువళ్ళూరు నుంచి ఊసి, అంటే సూదిమందు, వేసే జీపు వస్తుందని మా పంచాయతీ ప్రెసిడెంటు కోదండరామ నాయుడు బడి ముందర బల్ల మీద నిలబడి చెప్పాడు.

"దేశమంతా పిల్లకాయలకి వేస్తా ఉండారు. తట్టు రాకుండా కాపాడే ఊసి. నన్ను నమ్మండి."

"పోయిన తూరి కూడా నమ్మండనే కదా అన్నాడు," అంది నా పక్కనున్న కస్తూరమ్మ, ఆయనకు వినపడేటట్టే.

ఎవరూ నవ్వలేదు. పదేళ్ళ కిందట ఆయన మాట విని జీపెక్కిన వాళ్ళలో కస్తూరమ్మ మరిది నటరాజ్ ఒకడు. పెళ్ళి కాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపారు. అతనికి ఇప్పటికీ పెళ్ళి కాలేదు.

నా మనవరాలు సరసకు అప్పుడు పదకొండో నెల. ఊసి వేయిద్దామంది కోడలు కాంచన. కొడుకు పట్టాభిరామ్ అనే ఊళ్ళో మిల్లు పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. ఇంట్లో మాట నాదే.

"ప్రెసిడెంటు మనవడికి ముందు వేయనీ. ఆ పిల్లోడికి సూది దిగితే మన పాపకీ దిగుతుంది," అన్నాను.

జీపు వచ్చే రోజు పొద్దున్నే పాపను చంకనేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి వేపాకు కట్టి ఉంది. మా వైపు ఏ ఇంట్లో అమ్మవారు పోసినా అలాగే కడతాం. ఇక ఆ గడప బయటివాళ్ళు తొక్కకూడదు. మందూ సూదీ తాకకూడదు. కానీ ఆయన మనవడు అరుగు మీద కూర్చుని మురుకులు నములుతున్నాడు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

"అమ్మోరు పోసింది, అలిమేలమ్మా," అని ప్రెసిడెంటు తల తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి నేనూ వేపమండ విరిచాను.

"అబద్ధానికి కడతారా అత్తా? అమ్మోరికి కోపం రాదా?"

"నమ్మమని చెప్పినోడే కట్టుకున్నాడు. నువ్వూరుకో."

నా గుమ్మం చూసి కస్తూరమ్మ కట్టింది. ఆమెను చూసి మిగతావాళ్ళు కట్టారు. జీపు వచ్చేసరికి వీధంతా పచ్చగా ఉంది. నర్సు దేవకి వీధి మొదట్లోనే చెప్పులు విడిచి, ఐసు పెట్టె పట్టుకుని చివరిదాకా నడిచింది. ఏ తలుపూ తట్టకుండా తిరిగి వెళ్ళిపోయింది.

నెల తిరగకముందే సరసకు జ్వరం వచ్చింది. ముఖమంతా ఎర్రగా తట్టు లేచింది. ఎండిపోయిన ఆకు తీసి పచ్చిది కట్టాను. మూడో రోజు పాప ఊపిరి పీలుస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఆ సాయంత్రం దేవకి ఒక్కతే వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది.

"పెద్దమ్మా, ఇది నిజంగా కట్టిందా, ఊసికి భయపడి కట్టిందా?"

"నిజమే."

"ఊసి వెయ్యను. పాపను ఒక్కసారి చూస్తా. రానీ."

"రానీండి అత్తా! మీ కాళ్ళు పట్టుకుంటా," అని లోపల్నుంచి కాంచన ఏడ్చింది.

రెండు చేతులూ గుమ్మానికి అడ్డంపెట్టాను. ఒకసారి అమ్మవారి పేరు చెప్పి అబద్ధం కట్టినదాన్ని, ఇప్పుడు బయటిమనిషిని గడప తొక్కనిచ్చి ఇంకో తప్పు చేస్తే ఆ తల్లి పాపను వదలదని నా భయం.

"రేపు రా," అన్నాను.

తెల్లారకముందే పాప పోయింది.

పది రోజుల తర్వాత ప్రెసిడెంటు వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు.

"బుధవారం జీపు మళ్ళీ వస్తుంది. నువ్వొక మాట చెప్తే వీధి వింటుంది, అలిమేలమ్మా."

"వీధి నన్ను చూసి కట్టింది, నేను మిమ్మల్ని చూసి కట్టినా. నన్నెందుకయ్యా అడగతారు?"



బుధవారం నాడు ప్రెసిడెంటు తన గుమ్మానికున్న ఆకు తనే పీకేసి, మనవణ్ణి ఎత్తుకుని జీపు దగ్గరికి నడిచాడు. పిల్లవాడి చేతికి సూది దిగడం వీధంతా చూసింది. కస్తూరమ్మ తన మనవణ్ణి తీసుకుని వెనక నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు.

పిల్లల ఏడుపులు మా ఇంటిదాకా వినిపించాయి. పాప పోయినప్పటి నుంచి నాతో మాట్లాడని కాంచన లేచి వచ్చి, లోపల్నుంచి తలుపు గడియ పెట్టుకుంది. నేను బయట అరుగు మీదే ఉన్నాను.