గోడవారగా మూడు బండ్లు

"ఎవరైనా తోసుకుపోతే?" అంది డిట్టె.

ఇంకా ఎవరూ కూర్చోనైనా లేదు. ప్రేబెన్ చేపల హోటలు వాకిట్లో, సముద్రం వైపు గోడకి ఆనించి పిల్లాడి బండిని నిలబెట్టింది. చక్రానికి బ్రేకు వేసింది. పడిందో లేదో అని మళ్ళీ కాలితో తొక్కి చూసింది. అప్పుడన్న మాట అది. బండిలో ఆమె ఐదు నెలల కొడుకు మాల్తె నిద్రపోతున్నాడు. వెలుతురు కళ్ళలో పడకుండా బండి కప్పు మీంచి పల్చటి తెల్లగుడ్డ వేలాడుతోంది.

"ఎవరు తోసుకుపోతారమ్మాయ్? ఈ మార్‌హోల్మ్ దీవిలో ఉన్నదే నూటపాతికమంది. అందులో ఎనభైమందికి మోకాళ్ళ నొప్పులు," అంది అత్తగారు ఎల్సెబెత్. "నీ మొగుణ్ణి ఇదే గోడవార రెండు వేసవులు పడుకోబెట్టాను. ఎవరన్నా ఎత్తుకుపోతే బాగుండునని నేనూ ఆశపడ్డాను. ఎవరూ ముట్టుకోలేదు."

"థాంక్స్ అమ్మా," అన్నాడు మొగుడు ట్రోల్స్.

గోడవార అప్పటికే రెండు బండ్లున్నాయి. ఒకటి ప్రేబెన్ మనవరాలిది. ఇంకొకటి, మూల బల్ల దగ్గర ఒక్కడూ కూర్చుని కాఫీ తాగుతున్న ఆకుపచ్చ వానకోటు కుర్రాడిది. మూడూ నల్లబండ్లే. మూడింటి మీదా తెల్లగుడ్డలే. ఆ ఏడాది పిల్లలు పుట్టిన ప్రతి ఇంట్లోనూ అదే బండి. డిట్టె తన బండి ఎడమ చివరిదని మనసులో గట్టిగా గుర్తుపెట్టుకుంది.

ట్రోల్స్ వంటింటి కిటికీ దగ్గరికెళ్ళి వెన్నలో వేయించిన పలకచేప మూడు ప్లేట్లు చెప్పి, పద్నాలుగు అని రంగుతో రాసిన గులకరాయి పట్టుకొచ్చాడు. వంట అయ్యాక ప్రేబెన్ నంబరు కేకేస్తాడు, వెళ్ళి తెచ్చుకోవాలి. డిట్టె ఆ రాయిని తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. ఇంకో చేతిలో బేబీ మానిటర్ ఉంది. దాని జంట బండిలో మాల్తె దిండు పక్కనుంది. వాడు కదిలితే ఇక్కడ వినిపిస్తుంది, ఇక్కడ మీట నొక్కి మాట్లాడితే వాడికి వినిపిస్తుంది.

మొదటి పది నిమిషాల్లో ఆమె రెండుసార్లు లేచి వెళ్ళి గుడ్డకి చెవి ఆనించి వచ్చింది. తర్వాత వాన మొదలైంది. ప్లేట్లూ, దుప్పట్లూ, గ్లాసులూ పట్టుకుని అందరూ లోపలికి పరుగెత్తారు. ప్రేబెన్ ఏప్రాను తలమీద కప్పుకుని వాకిట్లోకెళ్ళి, గుడ్లగంపలు మోసేవాడిలా జాగ్రత్తగా, ఒక్కొక్క బండినీ హోటలు వెనక గాలి తగలని చూరు కిందకి నెట్టుకెళ్ళాడు. ఒక్క పిల్లా లేవలేదని లోపలికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు.

డిట్టె మూడోసారి లేచింది.

"కూర్చో," అంది ఎల్సెబెత్. "వాడు ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని నువ్వు చూస్తుంటే మాకు ఊపిరాడ్డం లేదు. మొన్న పడవలో లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేయబోయావు."

పక్కబల్ల వాళ్ళు కిసుక్కున నవ్వారు. ట్రోల్స్ కూడా నవ్వాడు, ఎగతాళిగా కాదు. డిట్టె చెవులు ఎర్రబడ్డాయి. సరే, అందరి తల్లుల్లాగే ఒక్కసారి ఉండి చూద్దాం అనుకుని కూర్చుంది.

అప్పుడే ఆకుపచ్చ కోటు కుర్రాడు గడియారం చూసుకుని లేచాడు. ఒకటింబావు ఫెర్రీకి వేళైంది. కాసేపటికి అతను బండి తోసుకుంటూ కిటికీ ముందునుంచి వెళ్ళాడు. గులకరాళ్ళ మీద కుదుపు తగలకుండా ముందు చక్రాలు కాస్త పైకెత్తి, మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. కిటికీలోంచి డిట్టె అంతా చూసింది. పాపం, బిడ్డ లేవకుండా ఎంత నెమ్మదిగా తోస్తున్నాడో అనుకుంది. ట్రోల్స్‌కి చూపించింది కూడా. "చూడు, అలా తోయాలి," అంది.

"పద్నాలుగు," అని ప్రేబెన్ కేకేశాడు.

చేప వచ్చింది. బంగాళాదుంపలు వచ్చాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మానిటర్ కీచుమంది. ఆగి, మళ్ళీ కీచుమంది.

"బ్యాటరీ," అని ట్రోల్స్ ఆమె చేతిలోంచి తీసుకుని చప్పుడు తగ్గించేశాడు. "పొద్దున్నే చార్జింగ్ పెట్టమన్నాను కదా."

"పెట్టాను," అంది డిట్టె. ఆమె ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు.

చూరు కింద రెండు బండ్లున్నాయి. ఎడమ చివరి బండి గుడ్డ ఎత్తింది. ఎర్రజుట్టు పాప, నోరు తెరిచి నిద్రపోతోంది. రెండో గుడ్డ ఎత్తింది. ప్రేబెన్ మనవరాలు. మళ్ళీ మొదటిది ఎత్తింది. ఈసారి చూస్తే మాల్తె ఉంటాడన్నట్టు చూసింది. ఎర్రజుట్టు అలాగే ఉంది.

ప్రేబెన్ వానలో ముందు వెనకలుగా తోసుకొచ్చేసరికి బండ్ల వరస తిరగబడిపోయింది. కుర్రాడు తన బండి ఏ చివర పెట్టాడో ఆ చివరిదే తోసుకెళ్ళాడు. గుడ్డ ఎత్తి చూడలేదు. నిద్రపోతున్న పిల్ల మీద గుడ్డ ఎవరెత్తుతారు? ఈ దేశంలో దొంగ కూడా ఎత్తడు.

ఆమె రేవు వైపు చూసింది. ఫెర్రీ గట్టు మొన దాటి అప్పటికే తెల్లటి అగ్గిపెట్టెలా ఉంది.

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు, కాళ్ళకి చెప్పుల్లేకుండా నిలబడ్డ డిట్టె తప్ప. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. ప్రేబెన్ ఫెర్రీ సరంగు హోకన్‌కి ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టాడు.

"వెనక్కి తిప్పు," అన్నాడు ప్రేబెన్. "నీ ఫెర్రీలో మనవాళ్ళ పిల్లాడున్నాడు."

"ఎలా తిప్పనయ్యా, సన్నకాలవలో ఉన్నాను. రెండువైపులా ఇసకదిబ్బలు. తిప్పితే పిల్లాడితో సహా అందరం రేపటిదాకా దిబ్బ మీదే. ఉండు, కళాసిని పంపిస్తాను." కాస్త ఆగి మళ్ళీ అన్నాడు, "బండి కింద కార్ల మధ్య ఉందట. దగ్గర ఎవరూ లేరట. ఆ తండ్రి పైన కాఫీ దగ్గర ఉండుంటాడు."

"బ్రేకు వేసుందేమో చూడమనండి," అంది డిట్టె. "గుడ్డ ఎత్తి చూడమనండి."

"కళాసి గుడ్డ ఎత్తనంటున్నాడు. లేస్తే తను సముదాయించలేడట."

"ఆ తండ్రికి చెప్పమనండి. దిగి బస్సెక్కేస్తాడు."

ఫోన్లో గాలి చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. కాలవ మధ్యలో సిగ్నల్ ఎప్పుడూ ఉండదని ప్రేబెన్ తలొంచుకుని చెప్పాడు. ట్రోల్స్ పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్ళు పిల్లాడి వయసు అడిగారు, బండి రంగు అడిగారు. నలుపు అన్నాడు. అవతలి మనిషి నిట్టూర్చింది. అవతలి ఒడ్డుకి మనిషిని పంపడానికి నలభై నిమిషాలు పడుతుందట. ఫెర్రీ చేరడానికి పాతిక చాలు.

చేసేదేమీ లేదు. అదే డిట్టెకి అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ ఆమె రకరకాలుగా భయపడింది. పాలు పొలమారడం, దుప్పటి ముఖం మీద పడడం, కుక్కలు, పిడుగులు. ప్రతి భయానికీ చేతులకి ఒక పని ఉండేది. బ్రేకు తొక్కడం, దుప్పటి సర్దడం, చెవి పెట్టి వినడం. ఇప్పుడు రెండు చేతులూ ఉత్తిగా వేలాడుతున్నాయి.

ఎర్రజుట్టు పాప లేచి ఏడుపందుకుంది.

ఆ ఏడుపు వినగానే డిట్టె రొమ్ములు చేపుకొచ్చాయి. రవిక ముందంతా తడిసిపోయింది. తన బిడ్డ నీళ్ళ మీద పోతుంటే ఎవరి బిడ్డకో పాలు పొంగుతున్నాయి, శరీరానికి సిగ్గు లేదా అనిపించింది. బండి సంచిలో సీసా, కొలిచి పెట్టిన పాలపొడి దొరికాయి. ఎల్సెబెత్ కలిపి తెచ్చింది. డిట్టె పాపని ఒళ్ళో వేసుకుని పట్టించింది. పాప గుటకలేస్తూ ఆమె చూపుడువేలు పట్టుకుంది.

"మాల్తె సీసా నోట పెట్టడు," అంది డిట్టె. "ఎంత ఆకలేసినా పెట్టడు. ఆ అబ్బాయికి ఆ సంగతి తెలీదు."

ఎల్సెబెత్ హోటలు దుప్పటి తెచ్చి కోడలి భుజాల మీద కప్పింది.

ఫెర్రీ అవతలి ఒడ్డు చేరిందని ప్రేబెన్ దుర్భిణి పెట్టి చెప్పాడు. కార్లు దిగుతున్నాయన్నాడు. ఒక బస్సు వెళ్ళిపోయిందన్నాడు. ఆ మాట అన్నాక అననట్టు దుర్భిణి తుడుచుకున్నాడు. హోకన్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. రేవులో ఎత్తడానికి అతనికి వీలుండదు, కార్లెక్కించుకోవాలి. అది అందరికీ తెలుసు. తెలిసినా చేస్తూనే ఉన్నారు.

రెండు గంటలకి ఫెర్రీ వెనక్కి బయల్దేరింది.

డిట్టె పాపని భుజాన వేసుకుని గట్టు మీదుగా మొనదాకా నడిచింది. ట్రోల్స్, ఎల్సెబెత్ ఆమె వెనకే వచ్చారు. గట్టు రాళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నాయి. పద్నాలుగో నంబరు రాయి మళ్ళీ ఎప్పుడు చేతికొచ్చిందో గుప్పిట్లో ఉంది, వేళ్ళు తెరుచుకోవడం లేదు. ట్రోల్స్ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రాయి తీసుకుని, ఆ చేతిలో మానిటర్ పెట్టాడు. తనే దాని చప్పుడు పూర్తిగా పెంచాడు.

"బ్యాటరీ నిండుగానే ఉంది," అన్నాడు. ఆ మాట అనడానికి అతను చాలాసేపు కూడదీసుకున్నట్టున్నాడు.

ఆమె మీట నొక్కింది. "మాల్తె, అమ్మని. అమ్మ ఇక్కడే ఉంది."

ఏమీ లేదు. మానిటర్ దీపం ఎర్రగా ఉంది, జంట అందనంత దూరంలో ఉన్నప్పటిలా.

ఫెర్రీ అగ్గిపెట్టెంత అయింది. రొట్టెముక్కంత అయింది. కాలవలో దారి చూపే మొదటి గుంజ దాటింది, రెండోది దాటింది. ఫెర్రీ రెయిలింగు పక్కన మనుషులు నిలబడ్డారు, ఎవరో తెలీడం లేదు. ఆకుపచ్చ రంగేదైనా ఉందా అని చూసింది. ఫెర్రీ కూడా ఆకుపచ్చే, అడుగంతా. ఆమె నొక్కుతూనే ఉంది. "మాల్తె. మాల్తె, అమ్మని." ట్రోల్స్ కళ్ళు మూసుకున్నాడు. ఎల్సెబెత్ నీళ్ళకేసి చూడలేక పాప కాలిమేజోడు సర్దుతోంది, సర్దిందే సర్దుతోంది.

దీపం ఒకసారి ఆరి, ఆకుపచ్చగా వెలిగింది.

మొదట ఇంజను దడదడ వినిపించింది. ఆమె మీట మీంచి వేలు తీసింది. ఇంజను, గాలి, ఇంజను. పిల్లాడి చప్పుడు లేదు. ఏడుపు లేదు. ఎంతసేపో లేదు. భుజం మీద పాప త్రేన్చింది.

అప్పుడు ఒక కుర్రగొంతు, చాలా దగ్గరగా, దాదాపు గుసగుసగా పలికింది.

"ఇక్కడే ఉన్నాడండీ. ఎత్తుకున్నాను. నా చొక్కా గుండీ నములుతున్నాడు." గొంతు సర్దుకున్నాడు. "మా పాప... మీ దగ్గరే ఉందా?"