మిగిలిన తెల్లరంగు

కొలతల తాత కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, వంతెన కమ్మీ మీదుగా వంగి మళ్లీ చూశాడు. స్తంభానికి బిగించిన కొలత పలక మీద తొమ్మిది అంకె మునిగిపోయింది. ఆ పైనంతా తుప్పు మరకే. పొద్దుటినుంచి కుండపోత వాన. గొడుగు ఎప్పుడో ఏటిపాలైంది.

గంటగంటకూ నీటిమట్టం చూసి ఆఫీసుకు ఫోన్ చేయడం అతని ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఏటా చెట్లు చిగురించే ముందు పలకకు తెల్లరంగు, అంకెలకు నల్లరంగు వేసేవాడు. ఈసారి తొమ్మిది దాకా వేసి ఆపేశాడు. అంత ఎత్తుకు నీళ్లు ఏనాడు వచ్చాయి గనక? మిగిలిన తెల్లరంగు డబ్బా చంకన పెట్టుకుపోయి, మూడు నెలల మనవరాలి ఉయ్యాలకు వేశాడు. అప్పుడది తప్పనిపించలేదు. ఇప్పుడు మాత్రం ఆ రంగు వేయని అంకెలే కావాలి.

కూతురిల్లు ఏటి ఒడ్డు వీధిలో, పల్లంలో. పిల్లను తీసుకుని మిట్టనున్న బడికి వెళ్లిపొమ్మని పొద్దున్నే ఫోన్‌లో బతిమాలాడు. కిందటేడు ఇలాగే హడలగొట్టి వీధంతా ఖాళీ చేయించి నవ్వులపాలయ్యాడు. అల్లుడు దాన్ని మరిచిపోలేదు. మామగారికి మబ్బు కనిపిస్తే చాలు, కంగారేనని, సైరన్ మోగితే చూద్దామని అన్నాడని కూతురు చెప్పింది. ఆ తర్వాత వాళ్ల ఫోన్ కలవలేదు.

నీళ్లు పదకొండుకు చేరితేనే సైరన్. దాన్ని మోగించాల్సిన ఆఫీసు ఇంజనీరమ్మ మంచిదే గానీ రూలు దాటే మనిషి కాదు.

“పది దాటే ఉంటుందమ్మా,” అన్నాడు ఫోన్‌లో.

“ఉంటుందంటే కుదరదు బాబాయ్. అంకె చెప్పండి, వెంటనే మోగిస్తాను.”

స్తంభం పక్కన ఇనుప మెట్లున్నాయి. ఫోన్ చెవికి ఆనించుకునే ఒక్కో మెట్టే దిగాడు. మొలలోతు బురదనీటిలో నిలబడి అరచేత్తో తుప్పు రుద్దాడు. ఏమీ కనిపించలేదు. ఏడుపొచ్చింది. పలక మీది అంకెలు ఉబ్బెత్తుగా పోతపోసినవని అప్పుడు గుర్తొచ్చి వేలితో తడిమాడు. నీటి అంచున ఒక నిలువు గీత తగిలింది. దాని పక్కనే ఇంకొకటి.

“పదకొండమ్మా. నా వేలు దాని మీదే ఉంది. మోగించు.”

సైరన్ మోగింది. జనం కదులుతున్నారేమోనని అతను ఒక్క క్షణం ఆగి పల్లం వైపు చూశాడు. ఎగువ నుంచి కొట్టుకొస్తున్న దుంగను చూడలేదు. పైకి వచ్చెయ్యమని ఇంజనీరమ్మ ఫోన్‌లో చాలాసేపు చెబుతూనే ఉంది.

గంట తిరిగేసరికి ఆ వీధి ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. మనుషులంతా బడి మేడ మీదున్నారు. కూతురు పిల్లను గుండెకు హత్తుకుని, నాన్న ఇంకా రాలేదేమని భర్తను అడుగుతోంది. అతను తల ఎత్తడం లేదు.

కింద, కరెంటు స్తంభానికి చిక్కుకున్న ఉయ్యాల ఆ మసక వానలో అంత దూరానికీ తెల్లగా కనిపిస్తోంది.