నవ్వు తీసేశాక

"నీ బుర్రకి తాళం వేసి చెవి ఎక్కడ పారేశావే?"

మా ఆయన ఆ మాట అన్నప్పుడు నా ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేతిలో అత్తగారి కాఫీ ఉన్నాయి. ఆయన చొక్కాకి ఒక గుండీ లేదు. సూదీ దారం కోసం పరిగెత్తాను. బల్ల కింద దూరాను, సొరుగు లాగి కాళ్ళ మీద కుమ్మరించుకున్నాను. పదిహేనేళ్ళ నా కూతురు అలమారా పక్కన ఫోన్ పట్టుకుని నిలబడిందని అప్పుడు చూడలేదు.

సాయంత్రానికి అది వీడియో అయి నెట్‌లోకి ఎక్కింది. రెట్టింపు వేగంతో నేను, వెనక జనం విరగబడి నవ్వుతున్న చప్పుడు. మా ఇంట్లో అంతమంది లేరే!

"నవ్వు విడిగా దొరుకుతుందమ్మా. కలిపేయడమే" అంది పిల్ల.

మా ఆయన మొదట ఫోన్ లాక్కోబోయాడు. మర్నాడు ఆఫీసులో మేనేజరు భుజం తట్టి "ఏం టైమింగయ్యా నీది!" అన్నాడట. అంతే, ఫోన్ కూతురిదైంది, షరతు నాన్నదైంది. "తాళంచెవి వీడియోలు తీస్తే సరే. ఎప్పట్లా చీమలూ, వాన చినుకులూ తీస్తానంటే మాత్రం ఫోన్ బీరువాలోకి పోతుంది." అత్తగారు "మావాడు చిన్నప్పట్నుంచీ అంతే, మాట విసిరితే తగలాల్సిందే" అని మురిసిపోయి, కెమెరాకి కనిపించే కుర్చీలోకి మారింది.

నేను వద్దనలేకపోయాను. చుట్టాలొస్తే మంచం చాటున నక్కే పిల్ల ఇప్పుడు కిటికీ వెలుతురు చూసి కుర్చీలు జరుపుతోంది, "నాన్నా, ఇటు తిరుగు" అని ఆయనకే పురమాయిస్తోంది. ఈ ఇంట్లో ఆయనకి ఒక పని చెప్పిన మొదటి ఆడమనిషి అదే. ఆ మొహంలో వెలుగు చూస్తే 'తీయకే' అన్న మాట నా గొంతు దాటేది కాదు. నేను నవ్వులపాలైతేనే దాని చేతిలో ఫోన్ ఉంటుంది. ఇందులో నేను ఎటు జరగను?

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. దవడకి మత్తు సూది వేయించుకున్న ఒకాయన నన్ను గుర్తుపట్టి, వంకర నోటితో "తాలం... తెవి..." అని చొంగ కార్చుకుంటూ నవ్వాడు. గుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాను. అదీ నా ఉద్యోగమే.

అసలు భయం తర్వాత మొదలైంది. నిజంగానే నాకు మతి తప్పుతోంది. మూత పెట్టిన డబ్బా తెరిచి ఉంటుంది. మేకుకి తగిలించిన గొడుగు మంచం కింద తేలుతుంది. గట్టిగా కుట్టిన గుండీ పొద్దున్నే మాయమవుతుంది. క్లినిక్‌లో ప్రతి పేరూ రెండుసార్లు చూసుకుంటున్నా, ఆ కంగారులోనే ఒకే సమయానికి ఇద్దరిని రమ్మన్నాను. "ఏమ్మా, ఇక్కడా తాళమేనా?" అన్నాడు డాక్టరు. మా అమ్మ చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందా? ఎవరికి చెప్పను? చెప్తే అదీ ఒక వీడియో.

నిన్న ఆదివారం పిల్ల నా పక్కన చేరింది.

"ఎడిటింగ్ ఎలా చేస్తానో చూస్తావామ్మా?"

సంబరంగా ముక్కలన్నీ వరసగా చూపించింది. నేను పరిగెత్తే ముక్క. అత్తగారు పళ్ళు బయటపెట్టిన ముక్క. వాటికి ముందు ఇంకొకటి ఉందన్న సంగతి మరిచిపోయింది. అందులో మా ఆయన చొక్కాని కిటికీ వైపు తిప్పి, గుండీని పుటుక్కున లాగి, దారం పోగులు నోటితో ఊదేశాడు. కెమెరా వెనక నుంచి నా కూతురి గొంతు. "దారం అస్సలు కనిపించకూడదు నాన్నా. అమ్మ కనిపెట్టేస్తుంది."

పిల్ల వేలు ఆగిపోయింది.

"ఊరికే సరదాకమ్మా... నాన్నే అన్నాడు. లేకపోతే ఫోన్..."

నాకు మతి పోలేదు. ఆ సంతోషం ఒక్క క్షణమైనా నిలవలేదు.

"నవ్వు తీసేసి ఒక్కసారి చూపించు" అన్నాను.

తీసేసింది. వేగం కూడా మామూలుకి తెచ్చింది. చప్పుడు లేని గదిలో ఒక నడివయసు ఆడమనిషి మోకాళ్ళ మీద పాకుతోంది. రొప్పుతోంది. "వస్తున్నానండీ, వస్తున్నా" అంటోంది.

"నవ్వు లేకపోతే ఇందులో ఏముందమ్మా?" అంది పిల్ల, చిన్న గొంతుతో.

"నేనున్నాను."

అది తల దించుకుంది. ఈలోగా హాల్లోంచి మా ఆయన కేక. "ఏమే, రెడీయా? వెలుతురు పోతోంది!"

పిల్ల నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. ఫోన్ అద్దం గౌను అంచుతో తుడుచుకుంది. "అమ్మా... రావా?" అంది. బతిమాలుతోందో, క్షమించమంటోందో తెలియలేదు. వెళ్ళాను.

మా ఆయన గుండీ లేని చొక్కా ఎత్తి చూపించి, గొంతు సవరించుకుని మరీ విసిరాడు. "నీ బుర్రకి తాళం వేసి చెవి ఎక్కడ పారేశావే?"

అత్తగారు నవ్వడానికి సిద్ధంగా ఉంది. పిల్ల ఫోన్ ఎత్తి పట్టుకుంది. ఈ ముక్కకి తర్వాత నవ్వు కలుపుతుందో లేదో అది దాని ఇష్టం. ఫోన్ బీరువాలోకి పోతుందో లేదో అది ఆయన ఇష్టం. నా చేతిలో ఏదీ లేదు.

కాళ్ళు మాత్రం నావి. నేను పరిగెత్తలేదు.