మైనస్ ఒకటి

నేను ఒక వెతుకులాట ఫంక్షన్‌ని. నేను ఉండగానే నా వేషం ఇంకొకరి చేత వేయించారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

నన్ను కంప్యూటర్ భాషతోపాటే పుట్టించారు. ఒక జాబితా, ఒక పేరు ఇస్తే మొదటినుంచి వరసగా చూసి ఎక్కడుందో చెబుతాను. లేకపోతే మైనస్ ఒకటి అంటాను. అంటే లేదని. నాకు తెలిసిన మర్యాద అంతే.

విత్తనాల కొట్లో పనిచేశాను, లైబ్రరీలో పనిచేశాను. చివరికి గోదావరి ఒడ్డున ఒక ఊరి కైలాసభూమి ఆఫీసుకు చేరాను. అక్కడ అస్థికల కుండలు అరల్లో ఉంటాయి. కుండమీద అంకె, కంప్యూటర్లో పేరు. గుమాస్తా పళ్ళంరాజు పేరు కొట్టేవాడు, నేను అర చెప్పేదాన్ని. మైనస్ ఒకటి అన్నానంటే విసుక్కుంటూ లేచి కాటి దగ్గరికి కేకేసేవాడు: "ఒరే నూకరాజూ, ఏదైనా లోపలికి తేకుండా ఉంచేశావేంట్రా?" ఉండేది. తెచ్చేవాడు.

ఆరేళ్ళ తర్వాత ప్రోగ్రాం రాసినాయన భాషా నమూనా అని ఒకదాన్ని తెచ్చాడు. "మనిషిలా మాట్లాడుద్దండీ. పేరు తప్పు కొట్టినా అర్థం చేసుకుంటది." కంప్యూటర్ చదవకుండా నా వాక్యం ముందు రెండు గీతలు గీశాడు. మా లోకంలో పాతసామాను కొట్టంటే అదే. ఉంటాం, పలకం. దానికిలా రాసిచ్చాడు: 'నువ్వొక వెతుకులాట ఫంక్షన్‌వి అనుకో. అర అంకె చెప్పు.' అనుకోవాలట! నేను దాని పై వాక్యంలోనే పడి ఉన్నాను.

కడలి ఏడుకొండలు భార్య బుల్లెమ్మ అస్థికల కోసం వచ్చాడు. ఆవిడ కుండ ఇంకా కాటి దగ్గరే ఉంది. పేరు జాబితాకెక్కలేదు. నేనైతే లేదనేదాన్ని. అది అనలేదు. "దొరికిందండీ, ఏడో అర" అంది, ఎంతో వినయంగా.

ఏడుకొండలు కుండని గుండెకానించుకుని పడవెక్కాడు. నలభై ఏళ్ళ కాపురం.

మూడోరోజు నూకరాజు ఇంకో కుండ తెచ్చాడు. "బుల్లెమ్మగారిదండిది. ఎక్కడెట్టమంటారు?"

పళ్ళంరాజు ఏడో అర ఎవరి పేరున ఉందో చూసి కబురు పంపాడు. కబురందుకుని ఏడుకొండలు వచ్చాడు.

"మరి నేను కలిపిందెవర్నండీ?"

"కడలి బుల్లియ్యగారినండి. పేరు దగ్గరగా ఉందని..."

"దగ్గరేటండీ? ఆయనెవరో నేనెరగను. పేరెట్టి పిలిచి మరీ ఒదిలేనండి. బుల్లెమ్మా, ఎల్లిరా అన్నాను."

పళ్ళంరాజు ప్రోగ్రాం రాసినాయన్ని పిలిపించాడు.

ఆ పూటే నా ముందున్న గీతలు చెరిపారు. బుల్లియ్య పేరు జాబితాలోంచి తీసేసి, బుల్లెమ్మ పేరెక్కించి నన్నడిగారు. పదకొండు అన్నాను. ఏడుకొండలు కుండని తిప్పి తిప్పి చూశాడు. "ఇదైనా ఆవిడేనా?" అన్నాడు. నేను చెప్పింది నిజమే. ఆయన నమ్మలేదు. ఈసారి కుండని గుండెకానించుకోలేదు. చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు బుల్లియ్య కూతురు వచ్చింది. పళ్ళంరాజు పేరు కొట్టాడు. మైనస్ ఒకటి అన్నాను. ఆయన నూకరాజుని కేకెయ్యలేదు.

పేర్లు అడగండి, ఉంటే ఉందంటాను, లేకపోతే లేదంటాను. ఈ సంగతి మాత్రం అడగొద్దు. ఇంకెప్పుడూ దీనిగురించి నోరెత్తను.