బావ ఊపిరికి తగ్గ గొట్టం

మా వెస్నా ఊళ్లో ఏ రైతుకు ఏ గొట్టం కావాలన్నా నా దగ్గరికే రావాలి. డీజిలుకు నల్లది, మందు కొట్టే యంత్రానికి చారలది, పాలు పితికే యంత్రానికి తెల్లది. ఇరవై రెండేళ్లుగా వ్యవసాయ సామాన్ల దుకాణంలో గొట్టాల చుట్టలు విప్పి అడుగుల లెక్కన కోసి ఇస్తున్నాను. అందుకే స్లావ్కా అక్క చేతిసంచిలోంచి జానెడు గొట్టం ముక్క తీసి బల్లమీద పెడితే, ఇదెంత పని అనుకున్నాను.

"పీలిస్తే అతుక్కుపోతోందిరా. మంచం పట్టె దగ్గర మడతపడుతోంది," అంది.

అది ఓరెస్ట్ బావ గంజాయి పెట్టె గొట్టం. నరాల జబ్బుతో బావ మంచాన పడి మూడేళ్లయింది. సాయంత్రమయ్యేసరికి కాళ్లు కొయ్యబారి కొట్టుకుంటాయి. డాక్టరు రాసిచ్చిన ఆకును బల్లమీది పెట్టె కాల్చకుండా వేడిచేస్తుంది. ఆ ఆవిరి నీళ్ల బుడ్డిలో చల్లబడి, గొట్టం గుండా నోటికొస్తుంది. పెట్టెకు చిన్న పంపు కూడా ఉంది. మీట నొక్కితే అదే ఆవిరిని తోస్తుంది. బావ దాన్ని నొక్కనివ్వడు. బీట్‌రూట్ చారు అక్క చెంచాతో తాగించాలి, పక్కకి అక్క తిప్పాలి. ఈ ఒక్కటీ తన ఊపిరితో తనే లాక్కుంటానంటాడు.

శనివారం మూడు రకాలు కోసుకుని వెళ్లాను. మా సస్కచువాన్‌లో ఫిబ్రవరి చలికి బండిలో గొట్టాలు కర్రల్లా బిగిసిపోతాయని కోటు లోపల పెట్టుకున్నాను.

"ఏంట్రా, పేగులు బయటికొచ్చాయా?" అన్నాడు బావ. గొంతు సన్నబడింది గాని నాలుక పదును పోలేదు.

"నీకోసమే బావా, తెగ్గోసి తెచ్చా."

మొదటిది అద్దంలా కనబడే ప్లాస్టిక్ గొట్టం. వేడి తగలగానే కంపు కొట్టింది. బావ ఊసేశాడు.

"కొత్త ట్రాక్టరు సీటు నాకినట్టుంది. కావలిస్తే నువ్వే నాకి చూడు."

రెండోది పాల గొట్టం. గోడ మందం, ఎంత పీల్చినా నొక్కుకోదు. "అరవై ఆవులకి పనికొచ్చింది, నాకు పనికిరాదా?" అని బావే ముచ్చటపడ్డాడు. బరువుకి పెదాల మధ్యనుంచి జారిపోయింది. అక్క పట్టుకోబోతే కళ్లతోనే కసిరాడు.

"అయితే నీ మీసంతో పట్టుకో," అంది అక్క.

మూడోది మెత్తటి సిలికోన్ రబ్బరుది. మందంగా ఉన్నా తేలిక. మంచం పట్టెమీద మడతపడకుండా వంగింది. ఇదే, అనుకున్నాను. బావ పీల్చాడు. బుడ్డిలో నీళ్లు కదల్లేదు.

"పొడుగెక్కువైందిరా. కొయ్యి."

ఆరడుగులదాన్ని నాలుగడుగులకి కోశాను. బావ మెడ నరాలు తేలాయి. ఒక్క బుడగ లేచింది.

"చూశావా!" అన్నాడు.

రెండో బుడగ లేవలేదు. నీళ్లు వేలెడు లోతుకి తగ్గించాను. బల్లను మంచానికి ఆనించి, గొట్టం రెండడుగులు చేశాను.

"ఇంకా కొయ్యరా."

ఇంకో జానెడు కోస్తే పెట్టెను ఆయన గుండెలమీదే పెట్టాలి. లోపం గొట్టంలో లేదని నాకు రెండో కోతకే తెలిసింది. అక్క కిటికీ వైపు తిరిగి నిలబడిన తీరు చూస్తే, ఆమెకి దుకాణానికి రాకముందే తెలుసనిపించింది. ఇంజనుకి డీజిలు అందకపోతే గొట్టంలో గాలి ఎక్కడ చొరబడిందో చెప్పగలను. ఇక్కడ ఏం చెప్పను? జానెడు కోశాను.

అప్పుడు దుప్పటి కింద కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. ముందు కుడిది, తర్వాత రెండూ. మంచం కోళ్లు చెక్క నేలమీద టకటకలాడాయి. నేను రెండు చేతులా అదిమాను. ఆపలేకపోయాను. బావ గొట్టాన్ని పళ్లతో కరిచిపట్టి పీలుస్తూనే ఉన్నాడు. ఏమీ రాలేదు.

"నొక్కనా?" అంది అక్క.

బావ పళ్లమధ్యనుంచి గొట్టం జారింది. అక్క ఇంకోసారి అడగలేదు. మీట నొక్కింది. బుడ్డిలో నీళ్లు ఒక్కసారిగా గలగలమన్నాయి. ఆవిరి దానంతటదే వస్తుంటే, అక్క గొట్టం చివరను ఆయన పెదాలకి ఆనించి పట్టుకుంది. బావ నోరు తెరిచాడు.

కాళ్లు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత, నా వైపు చూడకుండా, "గొట్టం బాగానే ఉందిరా," అన్నాడు.

"అవును బావా," అన్నాను. అక్క ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.