బావ గొంతు ఎవరిది

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. పని పావుగంట, ఉపన్యాసం ముప్పావుగంట. "డబ్బు పెట్టి కొన్న వస్తువు మనది, అందులో వేలు పెట్టే హక్కు కంపెనీవాడికి లేదు" అని షాపుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతాను. వినియోగదారుల సంఘం లాంటివాడినని మా బావ నాకు 'సంఘం' అని పేరు పెట్టాడు.

మూడు నెలల కిందట గొంతు కేన్సర్‌కు ఆపరేషన్ చేసి బావ స్వరపేటిక తీసేశారు. అంతకు ముందు రెండు వారాలు అక్క ఆయనను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి పాత పత్రికలు, మందుల కాగితాలు, చివరికి కుక్కర్ గ్యారంటీ కార్డు కూడా చదివించి రికార్డు చేసింది. ఆ రికార్డులతో తయారైన ప్రోగ్రాం వల్ల ఇప్పుడు బావ టైపు చేస్తే లాప్‌టాప్ ఆయన గొంతుతోనే పలుకుతుంది. మొదటిసారి అది "ఏం సంఘం, టీ తాగుతావా?" అన్నప్పుడు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇదంతా నిన్నటి దాకా. ఈ ఉదయం లాప్‌టాప్‌లో అప్‌డేట్ దానంతట అదే పడింది. తెరిస్తే నీలం తెర మీద నలభై ఎనిమిది అంకెల తాళంచెవి అడుగుతోంది. డిస్కుకు తాళం వేసింది కంపెనీయే. మమ్మల్ని అడగలేదు, చెప్పనూ లేదు. తాళంచెవి బావ పేరున ఉన్న ఖాతాలో దాచిందట.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"పుట్టిన తేదీ చెప్పండి సార్" అంది అవతలి అమ్మాయి.

బావ పలక మీద రాశాడు. నేను చదివాను.

"మ్యాచ్ అవట్లేదు సార్."

ఆ ఖాతా తెరిచింది నేనే. కంపెనీలకు నిజం చెప్పకూడదని నాకో పంతం. చేతికొచ్చిన తేదీ, పాస్‌వర్డ్ కొట్టేస్తాను, ఎక్కడా రాసుకోను. ఈమెయిల్ కూడా పది నిమిషాల్లో మాయమైపోయే రకం ఇచ్చాను.

"అక్కా, అది నేనిచ్చిన దొంగ తేదీ" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ గొంతు ఇంకో కాపీ నెట్‌లో దాచుకుందామంటే నువ్వే కదరా వద్దన్నావు? మన సొత్తు పరాయివాడి దగ్గరెందుకన్నావు. కాపీకి వేరే డిస్కు తెస్తానన్నావు."

ఆ డిస్కు మూడు నెలలుగా నా షాపు సొరుగులోనే ఉంది.

బావ పలక తుడిచి మళ్లీ రాశాడు: 'ఆపరేషన్‌కు ముందు కీబోర్డు పాడైతే నేనే వీళ్లకు ఫోన్ చేశా.' అదీ చదివి వినిపించాను.

"అవును సార్, ఆ కాల్ రికార్డింగ్ ఉంది" అంది అమ్మాయి. "పదకొండు నిమిషాలు. సార్ బాగా కోప్పడ్డారు."

అక్క ఫోన్ మీదకు వంగింది. "అదన్నా మాకు ఇప్పించమ్మా, నీకు పుణ్యముంటుంది."

"రికార్డింగులు కంపెనీ ఆస్తి మేడమ్. ఇవ్వలేం."

"మా బావ గొంతు మీ ఆస్తేంటండీ!" అని అరిచాను.

"కోప్పడకండి సార్, ఇంకో దారుంది" అంది ఆ అమ్మాయి, నిజంగా జాలిపడుతూనే. "తేదీ గుర్తులేనివాళ్లను గొంతుతో గుర్తుపడతాం. ఖాతాదారు ఒక్క వాక్యం మాట్లాడితే చాలు, పాత కాల్‌తో పోల్చి ఖాతా తెరిచేస్తాం. సార్ పక్కనే ఉన్నారా?"

బావ పలక పక్కన పెట్టి ఫోన్ దగ్గరికి వంగాడు. నోరు తెరిచాడు. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చింది.

"హలో, మాట్లాడండి సార్. వినిపించట్లేదు."