కాలు నిలవని పెరడు

ఆ ఇంటి పెరట్లో ఎవరూ రెండు నిమిషాలు ఒకచోట నిలబడరు. బట్టలు ఆరేసినా, పళ్లు తోముకున్నా తిరుగుతూనే. నిలబడితే అరికాళ్లకు చెట్లకున్నట్టు వేళ్లు పుట్టి మట్టిలోకి దిగుతాయి. కిందటేడు కొళాయి మేస్త్రి సిగరెట్టు కాలుస్తూ ఆగాడు. పీకడానికి ఇద్దరు మనుషులు, ఒక గునపం కావలసి వచ్చాయి. ఆ తర్వాత కూడా పని సగమే చేశాడు, అది వేళ్ల తప్పు కాదు.

మూడు వైపులా ఎత్తు గోడలు. ఎండ పొరపాటున కూడా పడదు. కొనితెచ్చిన పూలమొక్కలన్నీ చచ్చాక, అత్తగారు దగ్గరి అడవిలోంచి ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొదలను మట్టిగడ్డతో సహా తెచ్చి పెట్టింది. వాటి మానాన వాటిని వదిలేస్తే బతుకుతాయని ఆవిడకు తెలుసు. కోడలి దగ్గరికి వచ్చేసరికే ఆ తెలివి పనిచేసేది కాదు.

కోడలికి పట్నం ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆరోజు సాయంత్రంలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఉన్నది ఒకటే బస్సు, పదిన్నరకి. వద్దని తల్లి అంటే తల్లికి, వెళ్తానని పెళ్లాం అంటే పెళ్లానికి కొడుకు తల ఊపాడు. మెడకు మంచి వ్యాయామం.

పది గంటలకు పెరట్లోంచి కేక వినపడింది.

"అమ్మాయ్, వెళ్లేముందు ఈ మొక్క కాస్త నిటారుగా పట్టుకో. కదిలావంటే ఒరిగిపోతుంది."

"పట్టుకుంటానత్తయ్యా. కదలకుండా మాత్రం కాదు."

"ఏం, చీమలు కుడుతున్నాయా?"

"చీమలైతే దులుపుకునేదాన్ని."

కోడలు మొక్క పట్టుకుని కాలు మార్చి కాలు వేస్తూనే ఉంది. ఆ కాళ్లు ఎప్పుడు ఆగుతాయా అని అత్తగారు మట్టి పోయడం కూడా మానేసి చూస్తోంది. "ఒక్క నిమిషం... ఇంకొక్క నిమిషం." కోడలి కాళ్లు ఆగలేదు. అత్తగారి కాళ్లు ఆగి చాలాసేపైంది.

"అత్తయ్యా, మీ పాదాలు!"

తెల్లటి వేళ్లు మట్టిలోకి దిగిపోతున్నాయి. లేతవి కనుక అరగంట ఓపిగ్గా తవ్వితే ఊడివస్తాయి. కోడలు గడియారం చూసుకుంది. సంచి పక్కన పడేసి, కూలబడి చేతులతో మట్టి తీయసాగింది.

అత్తగారు కాసేపు ఆ చేతులను చూసింది. తర్వాత వంగి వాటిని పక్కకు నెట్టి, కొత్త మొక్కకని తెచ్చిన ఎండుటాకులు తన పాదాల మీద కప్పుకుంది.

"లే. బస్సు పోతుంది."

"మీరో?"

"ముప్పై ఏళ్లలో మోకాళ్లు నొప్పెట్టకుండా నిలబడటం ఇదే మొదలు. నా సుఖం చెడగొట్టకు."

సాయంత్రం కొడుకు గునపంతో వచ్చాడు.

"అది చేరిందా?"

"చేరిందట, ఫోన్ చేసింది."

"అయితే ఆ గునపం లోపల పెట్టి, చెంబుతో కాసిని నీళ్లు తెచ్చి నా కాళ్ల దగ్గర పొయ్. ఎక్కువ వద్దు, ఇక్కడ ఎండ లేదు."